బుల్లమ్మ మోకాళ్ల కోసం ఈతకొలను

ఆ ఉదయం జీవానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండెక్కకముందే ఈతకొలనుకు వెళ్లాలి. పొరుగింటి బుల్లమ్మను నీళ్లలోకి దింపి నాలుగడుగులు నడిపించాలి. ఇంటికొచ్చి భార్య మేరి చేసే ఉప్మా తినాలి. ఆయన హార్బరు ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి, తెలుగు చర్చి సంఘంలో పెద్ద, ఏ పని మొదలుపెట్టినా ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునే జాగ్రత్తపరుడు. అలాంటి మనిషి వల్ల మధ్యాహ్నంలోపు వాళ్లుండే జంగ్లీఘాట్ పేట సగం ఏడ్చి, సగం పాడి, చివరికి అంతా కలిసి కలబడేదాకా వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆయన అసలే అనుకోలేదు.

బుల్లమ్మ మొగుడు దానయ్య చేపలవేటకు పోతాడు. రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే. వాళ్లు గంగమ్మకు మొక్కుతారు, వీళ్లు చర్చికి పోతారు, చేపల పులుసు మాత్రం ఆ గోడ మీదుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. బుల్లమ్మ జీవానందాన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి దానయ్యకు ఆయన బావ అయిపోయాడు. పడవ ఒడ్డుకు చేరే వేళకు రేవులో నిలబడి, మొగుడు తెచ్చిన చేపను చేత్తో ఎత్తి చూసి, బేరగాళ్ల నోళ్లు మూయించడం బుల్లమ్మ పని. శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఈ దీవులకు వచ్చినప్పటి నుంచీ ఆ పని ఆమెదే. ఆ ఏడు ఆమె మోకాళ్లు పట్టేశాయి. రేవు మెట్లు దిగలేకపోయింది. పడవ వచ్చిందని పిల్లలు కేకలేస్తుంటే గుమ్మంలో కూర్చుని వినడమే మిగిలింది. మోకాళ్ల నొప్పి కన్నా అదే ఆమెను ఎక్కువ తినేస్తోందని మేరికి తెలుసు.

డాక్టరు చూసి, రోజూ నడుం లోతు నీళ్లలో నడిస్తే మళ్లీ మెట్లు దిగవచ్చని చెప్పాడు.

"నీళ్లకేం తక్కువ? చుట్టూ సముద్రమే కదా," అన్నాడు జీవానందం.

"గంగమ్మతల్లి కాడికి పనికెల్తాం గానీ కులాసాకెల్తామేటి అన్నయ్యా?" అంది బుల్లమ్మ. "అయినా ఆ రేవు నీళ్లలో డీజిలూ, సేప పేగులూ. అందులో నడిత్తే ఉన్న కాళ్లు కూడా పోతాయి."

షాదీపూర్ ఎక్కే రోడ్డు మీద ఒక ఈతకొలను ఉంది. మోటారు చెడిపోయిందని ఎప్పుడో దాన్ని మూశారు. మోటారు బాగుచేసి కూడా చాలాకాలమైంది. కానీ తెరవమని ఎవరూ అడగలేదు, అందుకని ఎవరూ తెరవలేదు. ఈ సంగతి తెలిసి జీవానందం వీధి వీధీ తిరిగి జనాన్ని పోగుచేసుకుని, కొలను తాళాలున్న ఆఫీసరు దగ్గరకు వెళ్లాడు. ఒకరు పిల్లల ఈత కోసమన్నారు, ఒకరు ఒంటి వేడికి మంచిదన్నారు, ఒకాయన మూసి ఉన్నది ఏదైనా తెరవడమే న్యాయమన్నాడు. ఆఫీసరు దక్షిణ భారతం వైపు ఎన్నడూ పోకపోయినా ఇక్కడే తెలుగు నేర్చినవాడు.

"దేఖియే జీవానందం జీ, మొహల్లావాళ్లు అడిగారు, తెరుస్తాను. ఒక్క షికాయత్, ఒక్క ఫిర్యాదు వచ్చినా మళ్లీ తాళమే. జిమ్మేదారీ మీది."

"నాదే సార్," అన్నాడు జీవానందం ఛాతీ విరుచుకుని. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ ఛాతీని తలచుకుని ఆయన సిగ్గుపడ్డాడు.

దానయ్యకు మాత్రం ఎవరూ చెప్పలేదు. బుల్లమ్మే వద్దంది. ఓ నెల నీళ్లలో నడిచి, ఒక రోజు చప్పుడు చేయకుండా మెట్లు దిగి రేవులో నిలబడి ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలని ఆమె కోరిక. అందుకే ఆ రోజు దానయ్య తెల్లారకముందే పడవెక్కిపోయాక, మేరి చెయ్యి పట్టుకుని, మల్లేశు ఆటోలో కొలను దగ్గరికి వచ్చింది.

గేటు దగ్గర చౌకీదారు అడ్డుపడ్డాడు. చాలాకాలం తర్వాత చేతికి అధికారం వచ్చింది కాబట్టి దాన్ని పూర్తిగా వాడుకోవాలనుకున్నాడు. బుల్లమ్మ కట్టుకున్న ఎర్రకోక చూసి తల అడ్డంగా ఊపాడు. "రంగ్ వాలా కపడా నహీ. నీళ్లు ఖరాబ్. సఫేద్ హోనా." తర్వాత ఆమె చేతులకున్న ఆకుపచ్చ గాజులు చూశాడు. "కాంచ్ భీ నహీ. పగిలితే కాళ్లు కట్."

"తెల్లకోకా?" అంది బుల్లమ్మ. ఆమె గొంతు తగ్గిపోయింది. "నా పెనిమిటి సముద్రం మీదుంటే నాను తెల్లకోక కట్టి, గాజులు తీయాలా? ఒద్దు వదినా, ఇంటికి పోదాం."

మేరికి ఆదివారాలన్నీ తెల్లచీరలే. భర్త పక్కనే కూర్చుని తెల్లచీరలో ఆరాధన చేసిన మనిషి కాబట్టి ఆ భయం ఆమెకు పూర్తిగా ఎక్కలేదు. తడి మార్చుకోవడానికని సంచిలో తెచ్చుకున్న తెల్లచీర తీసింది. "నీళ్లలో ఎవరు చూస్తారు బుల్లమ్మా? గాజులు పక్కన పెట్టొద్దు, నా చేతికేస్తాను. తీసినట్టు కాదు, కాసేపు నా దగ్గర దాచినట్టు."

జీవానందం కూడా తోడయ్యాడు. "అరే, ఇంత కష్టపడి తెరిపించాం. గేటు దాకా వచ్చి వెనక్కి పోతామా?"

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. బుల్లమ్మ ఒకసారి మోకాళ్లను, ఒకసారి సముద్రం వైపు చూసింది. "బేగి దింపండి. ఎవులూ సూడకముందే వచ్చేద్దాం," అంది.

నీళ్లలో దిగాక ఆమె మొదట కొయ్యలా నిలబడింది. గాజులున్న మేరి గట్టు మీద నుంచి ఒక చెయ్యి, నీళ్లలోంచి జీవానందం ఇంకో చెయ్యి పట్టుకుని నడిపించారు. ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. నీళ్లు ఆమె బరువు మోశాయి.

"వదినా," అంది గుసగుసగా, "నొప్పి లేదే! నిజంగా లేదే!" ఆమె నవ్వుకు మేరికి కళ్లు చెమ్మగిల్లాయి. ఆ నవ్వు చూడటానికే అయినా కొలను తెరిపించడం మంచిదే అనిపించింది జీవానందానికి. ఆ తర్వాత జరిగినదంతా జరిగాక కూడా ఆ ఒక్క మాట మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు.

నీళ్లంటే భయం పోవాలని, "ఒక్కసారి తల ముంచు బుల్లమ్మా, నేను పట్టుకుంటా," అన్నాడు. ముందుగా అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు. ఆమె తల మీద చెయ్యి పెట్టి ముంచి లేపాడు. బుల్లమ్మ బొట్టు చెరిగిపోయింది. నీళ్లలో కలిపిన బ్లీచింగు పౌడరుకు కళ్లు ఎర్రబడి కారడం మొదలుపెట్టాయి.

సరిగ్గా అప్పుడే ఇద్దరు ఆమెను చూశారు.

ఒకరు గవరమ్మ. నెత్తిన చేపల తట్టతో షాదీపూర్ వైపు ఎక్కుతూ, కొలను గోడ కూలిన చోట నిలబడి ఊపిరి పీల్చుకుంది. లోపల బుల్లమ్మ కనిపించింది. తెల్లకోక, బోసి చేతులు, చెరిగిన బొట్టు, తలస్నానం, ఎర్రటి కళ్లు. అటూ ఇటూ మనుషులు పట్టుకుని నిలబెట్టారు. దానయ్య పొద్దున్నే పడవెక్కడం గవరమ్మ తన కళ్లతో చూసింది. వాళ్లవాళ్లలో ఏ ఆడదానికైనా ఇంతకన్నా వేరే వివరం అక్కర్లేదు. "ఒలమ్మో, దానయ్యో!" అని కేకపెట్టి, తట్ట దింపడం కూడా మరిచిపోయి కిందికి పరుగెత్తింది. వాలు పొడవునా చేపలు రాలుతూ పోయాయి. వాటి వెనకాల పిల్లులు పోయాయి.

రెండోవాడు ప్రేమయ్య. గేటుకు ఎదురుగా టీ దుకాణం, సంఘంలో ఇంకా పెద్ద కాలేకపోయిన మనిషి. గేటు ఊచల్లోంచి ఆయనకూ అదే కనిపించింది. తెల్లచీర, నగలు తీసేసిన చేతులు, సంఘపెద్ద ప్రార్థన, తల మీద చెయ్యి, నీళ్లలో మునక. "బాప్తిస్మం! బుల్లమ్మకు బాప్తిస్మం! అదీ పాస్టరుగారు లేకుండా!" అనుకుని, పొయ్యి మీద పాలు పొంగుతుంటే అలాగే వదిలేసి పాస్టరు యిర్మియాగారి ఇంటికి పోయాడు. అక్కడ ఉదయ ప్రార్థనకు ఆడవాళ్లంతా కూడి ఉన్నారు. తనతో చెప్పకుండా చేసినందుకు పాస్టరుగారికి మొదట కోపం వచ్చింది. కొత్త ఆత్మ చేరినందుకు తర్వాత సంతోషం వచ్చింది. కోపాన్ని మనసులో పెట్టుకుని, సంతోషాన్ని ముందుపెట్టుకుని, కంజిర తీయించి అందరితో బుల్లమ్మ ఇంటికి బయలుదేరారు.

బుల్లమ్మ గుమ్మం ముందు అప్పటికే గవరమ్మ తెచ్చిన జనం గుండెలు బాదుకుంటున్నారు. ఆ సందులోకి పాటలు పాడుతూ సంఘం ప్రవేశించింది. ఏడుపు విని పాట ఆగింది. పాట విని ఏడుపు ఆగింది.

"ఎవరు పోయారు?" అన్నారు పాస్టరుగారు.

"దానయ్య. సముద్రంలో," అన్నారు వాళ్లు.

ఆయన చప్పున పాటల పుస్తకంలో వెనకవైపు పేజీలకు తిరిగారు. సంఘం సమాధి కార్యక్రమపు పాట ఎత్తుకుంది. అంతవరకూ కాస్తో కూస్తో అనుమానం ఉన్నవాళ్లకు కూడా అది విన్నాక అనుమానం తీరిపోయింది. పాస్టరుగారే వచ్చి చావుపాట పాడుతుంటే దానయ్య పోనట్టెలా?

కానీ గవరమ్మకు ఒక సంగతి మింగుడుపడలేదు. "ఆయన మీవోడు కాదు కదా. మీరెందుకు పాడతన్నారు?"

ప్రేమయ్య ముందుకొచ్చాడు. "దానయ్య సంగతి మాకు తెలీదమ్మా. బుల్లమ్మ మా సంఘంలోకి వచ్చింది. ఇప్పుడే బాప్తిస్మం అయింది. నా కళ్లతో చూశాను."

"ఏటీ? మొగుడి శవం ఒడ్డుకి రాకముందే మతం మార్చీసారా?"

ఆ తర్వాత ఎవరు ఎవర్ని ముందు నెట్టారో ఈనాటికీ తేలలేదు. కంజిర పగిలింది. పాస్టరుగారి కళ్లజోడు గవరమ్మ ఖాళీ తట్టలో దొరికింది. ఎవరో పెద్దమనిషి, "శవం వచ్చేది రేవుకి, కొట్టుకుంటే అక్కడ కొట్టుకుందాం పదండి," అంటే అందరికీ అది సబబుగా తోచి రేవుకు కదిలారు. బుల్లమ్మను తీసుకురమ్మని మల్లేశును పంపారు.

మల్లేశు ఆటో కొలను గేటు దగ్గర ఆగేసరికి బుల్లమ్మ ఒడ్డున కూర్చుని జుట్టు పిండుకుంటోంది. మర్నాడు ఎన్నింటికి రావాలో మేరితో మాట్లాడుకుంటోంది.

"దీదీ, జల్దీ రండి," అన్నాడు మల్లేశు తలవంచుకుని. "బాడీ ఇంకా రాలేదు. అందరూ రేవులో వెయిటింగు."

"ఎవుల బాడీ?"

మల్లేశు తెల్లబోయాడు. తెల్లకోకలో ఉన్న మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది. "అదేంటి దీదీ... దానయ్యన్నది."

బుల్లమ్మ లేచింది. మేరి చెయ్యి పట్టుకోలేదు, గోడ ఆసరా తీసుకోలేదు. ఆటో వైపు చూడనైనా చూడలేదు. తడి తెల్లచీరతో, బోసి చేతులతో, గేటు దాటి వాలులోకి పరుగు తీసింది.

"ఎవరు చెప్పార్రా?" అన్నాడు జీవానందం.

"సబ్ లోగ్ చెబుతున్నారు."

అందరూ చెబుతుంటే అబద్ధం ఎలా అవుతుంది? ఆ కబురు తన చేతిలోనే పుట్టిందని జీవానందానికి తట్టలేదు. కొలను గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ముందురోజు సాయంత్రం దానయ్య "రేపు మంచి సేప తెత్తాను బావా" అంటే, "తెచ్చినప్పుడు చూద్దాంలే" అని తేలిగ్గా అనేశాడు. ఆ మాట తలచుకుని ఇంకాస్త ఏడ్చాడు. తర్వాత తడి లుంగీతోనే లేచి బుల్లమ్మ వెనక పరుగెత్తాడు. ఆయన వెనక మేరి, "గాజులు! బుల్లమ్మా, గాజులేసుకో!" అని అరుస్తూ పరుగెత్తింది. దుకాణాల వాళ్లు బయటికొచ్చి చూశారు. ఎదురుగా వస్తున్న ఆఫీసరు జీపు పక్కకు తప్పుకుని ఆగింది. మల్లేశు ఆటో హారను కొడుతూ వెంటపడినా బుల్లమ్మను అందుకోలేకపోయింది.

రేవులో జనం రెండుగా చీలి దారిచ్చారు. బుల్లమ్మ మెట్లన్నీ దిగి నీళ్ల అంచున నిలబడింది. ఏడవలేదు. సముద్రం వైపు చూస్తూ నిలబడింది, అంతే.

కాసేపటికి దానయ్య పడవ మలుపు తిరిగింది.

ఆ రోజు వలకు బాగా పడింది. అందుకే ఆలస్యమైంది. రేవునిండా జనాన్ని చూసి దానయ్య, కబురు ఎలా పాకిందో గానీ తన వేట చూడటానికే వచ్చారనుకున్నాడు. పడవ ముక్కు దగ్గర నిలబడి, తన ఎత్తున్న వంజరాన్ని రెండు చేతులా పైకెత్తి చూపించాడు. పాస్టరుగారి నోట్లో పాట సగంలో నిలిచిపోయింది. అప్పుడు దానయ్యకు మెట్ల చివర తెల్లకోకలో ఉన్న పెళ్లాం కనిపించింది. చేప జారి పడవలో పడింది.

"ఒలే, ఎవులు పోయారే?"

"నువ్వే!" అంది బుల్లమ్మ, అప్పుడు భోరుమంది.

జనం నవ్వారు. గవరమ్మ నవ్వింది, ప్రేమయ్య నవ్వాడు, జీవానందం ఏడుస్తూనే నవ్వాడు. ఆ నవ్వు అక్కడితో ముగిసిపోయి ఉంటే ఎంత బాగుండేది! కానీ పడవలోని యర్రయ్య నవ్వలేదు. అతను బుల్లమ్మ చేతుల వైపు చూశాడు. ఆ చేతుల గాజులు మేరి చేతులకు ఉండటం చూశాడు.

"మనం నీళ్లమీదుండగా ఇంట్లో గాజులు తీసిందిరా. తెల్లకోక కట్టింది. నాను మాత్రం ఇంక ఈడితో పడవెక్కను."

మిగతావాళ్లు కూడా అతనితో పడవెక్కేది లేదన్నారు. గంగమ్మకు శాంతి చేసేదాకా దానయ్య ఒడ్డునే కూర్చోవాలని పెద్దలు చెప్పారు. చేపలు ఒడ్డుకు విరగబడి వస్తున్న రోజుల్లో దానయ్య గుమ్మంలో కూర్చుని వల అల్లుకున్నాడు. ఆ గుమ్మంలోనే, అతని పక్కన, బుల్లమ్మ కూడా ఉంది. ఆ పరుగుతో ఆమె మోకాళ్లు కుండల్లా వాచాయి. ఇదివరకు గోడ పట్టుకుని పెరట్లోకైనా వెళ్లేది. ఇప్పుడు అదీ లేదు.

జీవానందం తలొంచుకుని వెళ్లి వాళ్ల ముందు కూర్చున్నాడు. "తప్పు నాది దానయ్యా. అది వద్దంది. గేటు దాకా వచ్చి వెనక్కి పోతామా అన్నాను. దాని భయం నాకు భయంలా అనిపించలేదు. అదే నా తప్పు."

దానయ్య వల మీద నుంచి కళ్లెత్తలేదు. "నీ మీద నాకేటి కోపం బావా. నా సావుకి ఇది అంత పరుగెడతదని నాకు ముందెలా తెలుత్తాది? ఇన్నేళ్లూ తిట్టడమే గానీ ఒక్కసారైనా సెప్పిందా?"

బుల్లమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "నీళ్లలో నొప్పి తెలీలేదన్నయ్యా," అంది చివరికి. "ఈ శాంతేదో అయిపోయాక, రంగుకోకతో, గాజులతో రానిత్తే మళ్లీ వత్తాను. అడుగుతావా?"

అది అడగడానికి జీవానందం ఆఫీసుకు బయలుదేరేసరికి జంగ్లీఘాట్ ఆయనకన్నా ముందే బయలుదేరి ఉంది. ఆ కొలను మొగుళ్లను మింగే కొలను అని గవరమ్మ వైపు వాళ్లు, అక్కడ ఎవరు మునిగినా సంఘం మీదికి తగాదా వస్తుందని ప్రేమయ్య వైపు వాళ్లు, అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. కొలను తెరవమన్నప్పుడు తలో కారణం చెప్పిన జనం, మూయమనడానికి మాత్రం చక్కగా కలిసిపోయారు.

జీవానందం ఒక్కడే చేతులు జోడించాడు. "సార్, తాళం వేయొద్దు. ఎవరికీ అక్కర్లేకపోయినా బుల్లమ్మకు కావాలి. ఆమె మోకాళ్ల కోసమే నేను మొదట అడిగాను. గాజులకు గుడ్డ చుట్టుకుని దిగుతుంది. రోజూ ఒక్క పూట చాలు."

"ఏ మోకాళ్లండీ?" అంది గవరమ్మ. "ఊరంతా సూసింది. ఆటో కూడా అందుకోలేదు."

"ఆ పరుగుకే సార్, ఇప్పుడు గుమ్మం దాటలేకపోతోంది!"

ఆఫీసరు నవ్వి, కుర్చీలోంచి లేచి జీవానందం చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీరు చాలా తగ్గించి చెబుతున్నారు జీవానందం జీ. నేను నా జీపులోంచి స్వయంగా చూశాను. ఒక్క రోజులో ఇంత ఫాయిదా! కమాల్ హై. ఇక ఆ పూల్‌తో పనేముంది?"

జీవానందం ఇంకా ఏదో చెప్పబోయాడు. వెనక నుంచి జనం చప్పట్లు కొట్టారు, ఆయన మాట అందులో కలిసిపోయింది.

మర్నాడు కొలను గేటుకు కొత్త తాళం పడింది, దాని పైన ఒక బోర్డు వెలిసింది: "నివాసుల కోరిక నెరవేరినందున ఈ స్విమ్మింగ్ పూల్ మూసివేయడమైనది."